పారిపోయి వచ్చిన ఇంజను

థామస్ కథల్లో ఓ మూలన ఉండే ఆలివర్ మోసుకొచ్చిన బరువు

అర్ధరాత్రి దాటింది. సోడార్ దీవి నుంచి గూడ్సు లాక్కొచ్చిన డగ్లస్ అనే ఇంజను పొరుగు రైల్వే వాళ్ల యార్డులో తిరుగు ప్రయాణానికి ఎదురుచూస్తోంది. పక్క లైన్లో ఎక్కడో సన్నగా ఆవిరి చీదుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది డీజిళ్ల రాజ్యం, అక్కడ ఆవిరి ఊపిరి వినపడకూడదు. ఎవరది అని డగ్లస్ గొంతు తగ్గించి అడిగితే చీకట్లోంచి బెరుకు బెరుగ్గా జవాబొస్తుంది. తన పేరు ఆలివర్. వెంట ఇసబెల్ అనే ప్రయాణికుల పెట్టె, టోడ్ అనే బ్రేక్ వ్యాను ఉన్నాయి. తుక్కు కింద కోసెయ్యబోతున్నారని తెలిసి ముగ్గురూ పారిపోయి వస్తున్నారు. డ్రైవరు, ఫైర్‌మన్ కూడా ఈ కుట్రలో భాగస్వాములే. సోడార్ చేరితే బతికినట్టే. కానీ సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి బొగ్గు అయిపోయింది. తెల్లవారితే దొరికిపోతారు.

డగ్లస్ ఆలోచించిన ఉపాయంలోనే ఈ కథ చమత్కారమంతా ఉంది. తుక్కుకు భయపడి పారిపోతున్న ఇంజన్ని తుక్కు సరుకుగానే చూపించి లాక్కుపోవాలి. ఇద్దరి సిబ్బందీ కలిసి గబగబా ఏర్పాట్లు చేస్తారు. బండి కదిలే వేళకి ఫోర్‌మన్ అడ్డొస్తాడు, దీపం పట్టుకుని వెనక కట్టినవి ఒక్కొక్కటే చూస్తాడు. ఇంజనా? తుక్కుకే. పెట్టెనా? తుక్కుకే. బ్రేక్ వ్యానా? అదీ తుక్కుకే. వదిలేస్తాడు. అయిదారేళ్ల పిల్లల కోసం రాసిన బొమ్మల పుస్తకంలో కథానాయకులు ఒక అధికారి కళ్లుగప్పి, ఇంకో రైల్వే ఆస్తిని రాత్రికి రాత్రి సరిహద్దు దాటించేస్తారు. రాసినాయన చర్చి ఫాదర్. పుస్తకం అచ్చయింది 1968లో.

ఆ ఇంజన్ల కథలు మళ్లీ చర్చకు రావడానికి 2025లో కలిసొచ్చిన రెండు సందర్భాలు కారణం. విల్బర్ట్ ఆడ్రీ రాసిన 'రైల్వే సిరీస్' మొదటి పుస్తకం 1945లో వచ్చింది, దానికి 80 ఏళ్లు. ఇంగ్లండులో స్టాక్టన్–డార్లింగ్టన్ మార్గం తెరుచుకుని 200 ఏళ్లు. రెంటికీ ఉత్సవాలు జరిగాయి. ఈ కథలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది నీలిరంగు థామస్ ఇంజనే. థామస్‌ని కాదనడానికేమీ లేదు. అయితే ఆడ్రీ రాసిన 26 పుస్తకాలను వరసపెట్టి చదివితే, అసలైన బాధ, అసలైన ధైర్యం థామస్ దగ్గర కాక పక్క పాత్రల దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది ఆలివర్ని. అతను పారిపోయొచ్చిన కథ అచ్చయిన మరుసటి ఏడాది వచ్చిన పుస్తకానికి అతని పేరే పెట్టారు, అయినా టీవీలోనూ బొమ్మల దుకాణంలోనూ అతను చివరి వరసలోనే ఉండిపోయాడు. మొత్తం సిరీస్‌ని తప్పుగా అర్థం చేసుకోకుండా కాపాడేది అతని కథేనన్నది ఈ వ్యాసం వాదన.

బయట జరుగుతున్నదే లోపలికొచ్చింది

కథ పుట్టుక అందరికీ తెలిసిందే. 1942లో ఆడ్రీ కొడుకు క్రిస్టఫర్‌కి తట్టు సోకింది. మంచాన పడ్డ పిల్లాడికి కాలక్షేపంగా తండ్రి చెప్పిన ఇంజన్ల ముచ్చట్లను భార్య మార్గరెట్ పట్టుబట్టి పుస్తకం చేయించింది. తొలి పుస్తకాల్లో గొడవలన్నీ ఇంటి గొడవల్లాంటివే. ఒకడికి గొప్ప, ఒకడికి అలక, వానకి రంగు పాడవుతుందని ఇంకొకడు సొరంగంలోంచి బయటికి రాడు. 1955 తర్వాత బయటి ప్రపంచం మారింది. బ్రిటిష్ రైల్వేస్ ఆ ఏడాది ఆధునికీకరణ ప్రణాళిక ప్రకటించింది. ఆవిరిని తీసేసి డీజిల్, విద్యుత్ ఇంజన్లు తేవాలన్నది అందులో ముఖ్యాంశం. 1948లో రైళ్లను జాతీయం చేసినప్పుడు సంస్థ చేతిలో 20 వేలకు పైగా ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. 1968 ఆగస్టు 11న ప్రధాన మార్గంలో చివరి ప్రత్యేక రైలు నడిపి, మర్నాటి నుంచి ఆవిరిని నిషేధించారు. వేల్స్‌లో ఒక చిన్న పర్యాటక లైను మాత్రం దానికి మినహాయింపు. ఇరవై ఏళ్లలో ఇరవై వేలు. పరిశ్రమల చరిత్రలో ఇంత హడావిడిగా జరిగిన ఏరివేతలు ఎక్కువ ఉండవు.

ఆ హడావిడి ఎంతటిదో చెప్పడానికి 'ఈవెనింగ్ స్టార్' ఒక్కటి చాలు. బ్రిటిష్ రైల్వేస్ తయారుచేసిన ఆఖరి ఆవిరి ఇంజను అదే. 1960 మార్చిలో స్విండన్ కర్మాగారం నుంచి బయటికొచ్చింది. ముప్ఫై నలభై ఏళ్లు పనిచేయాల్సిన యంత్రాన్ని 1965 మార్చిలో పక్కన పెట్టేశారు. మ్యూజియం కోసం ముందే ఎంచి పెట్టారు కాబట్టి అది బతికింది. దాని జాతివే మరో 250 ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. వయసు మీరి పోయిన యంత్రాల గురించి కాదు ఆడ్రీ బాధ. బాయిలరు గట్టిగా ఉండగానే, లెక్కల పుస్తకంలో ఒక గీత మారినందుకు గ్యాస్ కట్టర్ కిందికి వెళ్లిపోయిన వాటి గురించి.

అందుకే ఆలివర్ వచ్చిన 23వ పుస్తకం మొదటి నుంచీ బరువుగానే ఉంటుంది. ఎప్పుడూ దర్జా ఒలికించే గోర్డన్ అనే పెద్ద ఇంజను అందులో దిగులుగా కనిపిస్తాడు. తోబుట్టువులంతా పోయారు, మిగిలింది ఒక్క అన్న. ఆ అన్న నిజ జీవితంలోని 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'. 1963లో ఆలన్ పెగ్లర్ అనే ఆసామి సొంత డబ్బుతో కొన్నాడు గనక, దాదాపు 80 ఇంజన్ల ఆ తరగతిలో అదొక్కటే మిగిలింది. పిల్లల పుస్తకంలో ఒక వాక్యం వెనక ఇంత లెక్క దాగి ఉంది. ఆడ్రీ దాన్ని పేజీ మీద విప్పడు. ఆ మిగిలిన అన్నను సోడార్‌కి అతిథిగా రప్పించి ముందుకు సాగిపోతాడు.

■ ఆలివర్ అసలు రూపం
గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి 14ఎక్స్ఎక్స్ తరగతి ట్యాంక్ ఇంజన్ని చూసి ఆలివర్ని రూపొందించారు. ముఖ్య ఇంజనీరు సి.బి. కాలెట్ హయాంలో 1932–36 మధ్య స్విండన్‌లో 75 తయారయ్యాయి. నాలుగు పెద్ద చక్రాలు, వెనక రెండు చిన్నవి. పల్లె బ్రాంచి లైన్ల కోసం చేసినవి. వీటి ప్రత్యేకత 'ఆటో ట్రెయిన్' పద్ధతి. తిరుగు ప్రయాణంలో ఇంజన్ని ఇటునుంచి అటు మార్చక్కర్లేదు. డ్రైవరు పెట్టె చివర ఉన్న గదిలోకి వెళ్లి అక్కడి నుంచే తోలతాడు, ఫైర్‌మన్ వెనక ఇంజను మీద ఒంటరిగా బొగ్గు చూసుకుంటాడు, ఇంజను తోస్తూ పోతుంది. ఆలివర్ వెంట ఇసబెల్ వచ్చింది అందుకే, వాళ్లిద్దరూ కలిస్తేనే బండి. 75లో ఇప్పుడు మిగిలినవి నాలుగు.

బడి పిల్లలు కొన్న ఇంజను

కథలో ఆలివర్ని కాపాడింది ఇంకో ఇంజను. బయట ఆలివర్ జాతిని కాపాడిందెవరో చూస్తే కథే చప్పగా అనిపిస్తుంది. 1961లో లండన్ శివార్లలోని సౌతాల్ దగ్గర రైళ్లు చూడటం సరదాగా పెట్టుకున్న నలుగురు బడి పిల్లలు, కనుమరుగైపోతున్న ఈ 14ఎక్స్ఎక్స్ ఇంజన్లలో ఒక్కటైనా, దానికి జతగా ఒక పెట్టె అయినా మిగల్చాలనుకున్నారు. రైల్వే పత్రికకి ఉత్తరం రాసి చందాలు అడిగారు. 1964లో 1466 నంబరు ఇంజన్ని కొన్నారు. ఆ పిల్లల సంఘమే పెరిగి గ్రేట్ వెస్టర్న్ సొసైటీ అయింది. డిడ్‌కాట్‌లోని పాత లోకో షెడ్డు దాని చేతికొచ్చి ఇప్పుడు పెద్ద రైల్వే కేంద్రంగా నడుస్తోంది. ఈ క్రమం గమనించాలి. పిల్లలు ఆలివర్ కథ చదివి ఇంజన్ని కాపాడలేదు. వాళ్లు కాపాడిన నాలుగేళ్లకి ఆలివర్ పుట్టాడు.

వేల్స్‌లోని బ్యారీ రేవులో డాయ్ వుడమ్ అనే తుక్కు వ్యాపారి కథ ఇంకా తమాషా. ఆయన రైల్వే నుంచి దాదాపు 300 ఇంజన్లు కొన్నాడు, కొన్నది కోసి అమ్ముకోవడానికే. అయితే పాత వ్యాగన్లు కోయడం తేలిక, లాభమూ వెంటనే వస్తుంది. అందుకని ఇంజన్లను తీరికవేళకని పక్కన పెట్టాడు. సముద్రపు ఉప్పుగాలికి అవి వరసలు వరసలుగా తుప్పుపట్టి నిలబడిపోయాయి. ఇత్తడి సామాను, నంబరు పలకలు ఎవరో ఒకరు పట్టుకుపోతూనే ఉన్నారు. 1968 నుంచి ఔత్సాహికులు ఒక్కొక్కరే వచ్చి బేరమాడటం మొదలెట్టారు. రెండు దశాబ్దాల్లో 213 ఇంజన్లు ఆ యార్డు నుంచి ప్రాణాలతో బయటపడ్డాయి. ఆయన దయాగుణం కన్నా ఆయన పని వరస వాటిని ఎక్కువ కాపాడింది. చరిత్రలో మంచి పనులు ఇలా కూడా జరుగుతాయని ఒప్పుకోవాలి. తర్వాత మాత్రం డబ్బు కూడేదాకా ఆగమని అడిగినవాళ్ల కోసం ఆయన ఓపిగ్గానే ఆగాడు.

ఆడ్రీ కూడా ఒడ్డున నిలబడి బాధపడిన మనిషి కాదు. ప్రపంచంలో ఔత్సాహికులు స్వచ్ఛందంగా నడిపిన తొలి రైల్వే వేల్స్‌లోని టాలిలిన్, అలా నడపడం 1951లో మొదలైంది. మరుసటి ఏడాదే ఆయన అక్కడ గార్డుగా పనిచేశాడు. ఒకసారి టీ, తినుబండారాలు అమ్మే ఆవిడ ఎక్కకముందే రైలుకి పచ్చజెండా ఊపేశాడు. ఆ పొరపాటు కూడా తర్వాత కథైంది. బ్లూబెల్ రైల్వే కాపాడిన 1875 నాటి 'స్టెప్నీ' ఇంజన్ని 1963లో పేరుతో సహా పుస్తకంలోకి తెచ్చాడు. పిల్లలు చదివి, సెలవుల్లో వెళ్లి, ఆ ఇంజన్నే ముట్టుకుని చూడొచ్చు.

'పనికొచ్చేవాడే మంచివాడా?'

ఈ సిరీస్ మీద గట్టి విమర్శ ఒకటుంది. సోడార్‌లో రైల్వే పెద్ద అధికారి ఫ్యాట్ కంట్రోలర్ మాటే శాసనం, చెప్పినట్టు నడుచుకున్నవాడు 'పనికొచ్చే ఇంజను', ఎదురు తిరిగినవాడికి శిక్ష. సొరంగంలోంచి రానన్న హెన్రీని అందులోనే ఉంచి గోడ కట్టించాడు. ఇది పిల్లలకు విధేయత నూరిపోయడం తప్ప మరేమిటని గత పదిహేనేళ్లలో చాలామంది రాశారు. ఈ విమర్శను ఊరికే కొట్టిపారేయలేం. తొలి పుస్తకాల్లో అలాంటి కథలు ఉన్నాయి, హెన్రీ గోడ ఇవాళ చదివినా ఇబ్బందిగానే ఉంటుంది.

కానీ ఆ విమర్శకులు సాధారణంగా థామస్, హెన్రీ, గోర్డన్‌ల దగ్గరే ఆగిపోతారు. ఆలివర్ దాకా వస్తే వాదన తలకిందులవుతుంది. ఇక్కడ 'నువ్వు పనికిరావు' అన్నది పైఅధికారుల నిర్ణయం. దాన్ని ఇంజను ఒప్పుకోలేదు, దాని డ్రైవరు ఒప్పుకోలేదు. ఆజ్ఞ మీరడం ఇక్కడ తప్పుగా కాక ఒప్పుగా కనిపిస్తుంది. కథ నడిచిన తీరులో ఎక్కడా పశ్చాత్తాపం లేదు, శిక్షా లేదు. పైగా కాపాడిన డగ్లస్ చరిత్ర గుర్తుచేసుకోండి. 1960లో వచ్చిన కవల ఇంజన్ల పుస్తకంలో కంట్రోలర్ స్కాట్లండ్ నుంచి ఒక్క డోనల్డ్‌నే తెప్పించుకుంటే, వెనకాలే తమ్ముడు డగ్లస్ కూడా దిగిపోయాడు. అక్కడే ఉండిపోతే తుక్కే కాబట్టి, ఎవరు డోనల్డో ఎవరు డగ్లసో తెలియకుండా నంబరు పలకలు మాయం చేసి మరీ వచ్చారు. అంటే ఆ రాత్రి యార్డులో సాయం చేసింది ఒకప్పుడు తానూ చాటుగా వచ్చినవాడే. ఎనిమిదేళ్ల తేడాతో రాసిన రెండు కథల మధ్య ఈ ముడి కాకతాళీయం అనుకోవడం కష్టం. సోడార్ దీవి కంట్రోలర్ రాజ్యమే కావచ్చు, ఆడ్రీ మాత్రం దాన్ని రానురాను ఒక శరణాలయంగా మార్చాడు.

దీనికో ప్రతివాదం ఉంది. ఆలివర్కి సోడార్‌లో ఆశ్రయం దొరికింది కూడా పని దొరికినందుకే కదా? డక్ అనే ఇంజను నడిపే బ్రాంచి లైన్లో తోడు కావాల్సొచ్చింది, పాత కంపెనీ ఆకుపచ్చ రంగేసి ఆలివర్ని అక్కడ పెట్టారు. పని లేకపోతే కంట్రోలర్ అంతే ఉదారంగా ఉండేవాడా? ఉండేవాడని చెప్పలేం. పనికి, విలువకి మధ్య ముడిని ఆడ్రీ పూర్తిగా తెంచలేదు, ఆయన కాలానికీ వృత్తికీ అది సాధ్యమయ్యేది కాదేమో. ఆయన చేసింది ఇంకొకటి. పనికొస్తాడా రాడా అని తేల్చే అధికారం ఒక్క ఆఫీసుదే కాదని చూపించాడు. పొరుగు రైల్వే తుక్కన్నదాన్ని ఈ రైల్వే ఇంజనంది. తేడా ఇంజన్లో లేదు, చూసే కంట్లో ఉంది. పాఠకుడు చిన్నపిల్లవాడైనా ఇది పట్టుకోగలడు.

ఇంకో సంగతి. కాపాడబడ్డాడు కదా అని ఆలివర్ని ఆడ్రీ దేవుణ్ణి చెయ్యలేదు. తర్వాతి పుస్తకంలో అందరూ పొగిడేసరికి అతని తలకెక్కుతుంది, ట్రక్కులతో దురుసుగా ఉంటాడు, అవి వెనక నుంచి తోసేస్తే టర్న్‌టేబుల్ గోతిలో పడతాడు. కష్టాల్లోంచి వచ్చినవాడు మంచివాడై ఉండాలనే నియమం లేదు, అయినా కాపాడాల్సిందే. పెద్దల నవలల్లో కూడా ఈ సంగతి చాలామందికి చేతకాదు.

పసివాళ్లకు ఇంత భయమా?

తల్లిదండ్రుల అభ్యంతరం వేరుగా ఉంటుంది. ముఖం ఉన్న, మాట్లాడే ఇంజన్ని కోసేస్తారని చెప్పడం అయిదేళ్ల పిల్లకి చావు గురించి చెప్పడమే. అంత అవసరమా? అవసరమా అన్న ప్రశ్నకి జవాబు ఆ కథ నడకలోనే ఉంది. ఆడ్రీ కోత యార్డుని చూపించడు. మంట లేదు, ముక్కలు లేవు. భయమంతా ఒక్క మాటలో, ఆలివర్ గొంతు వణుకులో పెట్టాడు. మిగతా కథంతా ఏం చెయ్యాలి, ఎలా దాటాలి అన్న పని మీదే నడుస్తుంది. బొగ్గు లేదు, ఫోర్‌మన్ వస్తున్నాడు, తెల్లవారబోతోంది. భయపడ్డ పిల్లలకి చేతికి పని దొరికితే భయం తగ్గుతుందని పెంచినవాళ్లందరికీ తెలుసు. మన పిల్లలు చిన్నప్పుడే విన్న పంచతంత్రంలో వల ఉంది, వేటగాడున్నాడు. వల కొరికే ఎలుకా ఉంది. ఆపద లేని కథలో స్నేహానికి ఏం పని?

పైగా దాచినంత మాత్రాన పిల్లలకు తెలియకుండా పోదు. 1968లో బ్రిటన్లో పెరుగుతున్న పిల్లలు ఊళ్లో స్టేషను మూతపడటం చూశారు. నష్టాల లైన్లు ఎత్తేయమన్న బీచింగ్ నివేదిక 1963లో వచ్చాక వేల మైళ్ల లైన్లు మూసేశారు. షెడ్డులో పనిచేసే నాన్న ఇంటికొచ్చి కూర్చోవడం చూశారు. వాళ్లకి ఏమీ జరగనట్టు నవ్వే ఇంజన్ల కథ చెప్పి ఉంటే అది అబద్ధమయ్యేది. తర్వాతి దశాబ్దాల్లో టీవీ రూపం మెరుగుపడేకొద్దీ కథలు మెత్తబడ్డాయి, రంగులు పెరిగాయి, తుక్కు యార్డు వెనక్కి జరిగింది. వ్యాపారంగా అది తెలివైన పనే అయ్యుండొచ్చు, కథగా మాత్రం నష్టం.

మసి సంగతేమిటి?

ఆవిరి ఇంజను మీద ఇంత బెంగ దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలో నిజముంది. కాల్చిన బొగ్గు శక్తిలో పదో వంతు కూడా బండి లాగడానికి చేరదు. బండి కదలాలంటే గంటల ముందే పొయ్యి రాజెయ్యాలి. రోజు చివర బూడిద లాగాలి, గొట్టాలు తుడవాలి. ఫైర్‌మన్ ఒక్క ప్రయాణంలో టన్నులకొద్దీ బొగ్గు పారతో ఎత్తిపోసేవాడు. ముందు నిప్పు, వెనక చలిగాలి. ఆ పనిని దూరం నుంచి ముచ్చటగా చూసినవాళ్ల కన్నా చేసినవాళ్లే డీజిల్ రాకకి ఎక్కువ సంతోషించి ఉంటారు. ఆవిరి పోవాల్సిందే, పోయింది.

ఆడ్రీకి ఇది తెలియక కాదు. డీజిల్ అంటే ఆయన కథల్లో మొదట దుష్టుడే, నిజమే. కానీ 1966 నాటికి బోకో అనే మంచి డీజిల్ వచ్చాడు. ఆలివర్ ఉన్న పుస్తకంలోనే 'బేర్' అని పేరు తెచ్చుకున్న డీజిల్ సోడార్‌లో స్థిరపడ్డాడు. కొత్తది వద్దన్నది ఆయన గొడవ కాదు. కొత్తదాని పేరు చెప్పి పాతదానితో పాటు పనివాడి నేర్పునీ, ఊరి లైనునీ ఒకే కట్టర్ కింద పెట్టడం గురించి ఆయన గొడవ.

■ మన బొగ్గు ఇంజన్లు
చిత్తరంజన్ కర్మాగారం 1950 నుంచి 1972 దాకా 2,351 ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. బ్రాడ్‌గేజ్‌లో ఆఖరిది 1970లో వచ్చిన 'అంతిమ్ సితారా'. బ్రాడ్‌గేజ్ మీద మామూలు సర్వీసు 1995 డిసెంబరుతో ముగిసింది. 1855 నాటి 'ఫెయిరీ క్వీన్' 1997లో మళ్లీ పర్యాటకులను లాగింది. డార్జిలింగ్ బుల్లి రైలుకి 1999లో, నీలగిరి రైలుకి 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. నెల్లూరు జిల్లా బిట్రగుంట ఒకప్పుడు పెద్ద లోకో షెడ్డుతో కళకళలాడిన రైల్వే ఊరు. బొగ్గు ఇంజన్లు పోయాక ఆ సందడీ పోయింది.

బిట్రగుంట ప్రస్తావన ఊరికే రాలేదు. ఇంజను తుక్కైతే దాని చుట్టూ అల్లుకున్న బతుకులు ఏమయ్యాయన్నది మన దగ్గర ఎవరూ పిల్లల కథగా రాయలేదు. మన పిల్లలకి పొగబండి అంటే చుక్‌చుక్ పాట, ఆఫీసు ముందు దిమ్మె మీద రంగేసి నిలబెట్టిన ఒక విగ్రహం. కాజీపేటలోనో, గుంతకల్లులోనో, డోర్నకల్లులోనో షెడ్డు కబుర్లు చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు, దాని చప్పుడు విని జబ్బు చెప్పగలిగినవాళ్లు. బాలసాహిత్యం రాసేవాళ్లు వాళ్ల దగ్గర ఒక సాయంత్రం కూర్చుంటే అరువు తెచ్చుకోనక్కర్లేని ఆలివర్లు దొరుకుతారు.

అప్పటిదాకా ఉన్నదాన్నైనా సరిగ్గా వాడుకుందాం. పిల్లలకి ఈ సిరీస్ కొనేవాళ్లు థామస్ బొమ్మ ఉన్న అట్టలు చూసి తీసుకుని సరిపెట్టుకోవద్దు. 23వ పుస్తకం అడగండి, అందులో మూడో కథ చదివి వినిపించండి. ఇంజన్ని ఎందుకు కోసేస్తారని పిల్లలు అడుగుతారు. మాట మార్చకుండా జవాబు చెప్పండి.